ఊపిరి ఉన్నంత పొడుగు

మా పాటల టీచర్ పోయారన్న కబురు నాకు కోదాడ బస్టాండులో తెలిసింది. నేను పనిచేసే బడి హుజూర్‌నగర్ దారిలో ఉంది. రోజూ ఎక్కే బస్సు కోసం నిలబడి ఉంటే టీచర్ వాళ్ళ చెల్లెలు సూర్యాపేట నుంచి ఫోన్ చేసింది. ఎప్పుడు చేసినా ముందు "తిన్నవా బిడ్డా" అంటుందామె. ఆ రోజు అనలేదు.

"అక్క పోయింది బిడ్డా. పొద్దుగాల్నే లేసింది. చాయ్ తాగింది. కప్పు నా చేతికిచ్చింది, గంతే."

మా బళ్ళో లెక్కలు చెప్పే మేడం నా పక్కనే ఉంది. "ఏమైందండీ? ఎవరండీ?" అంటూ నా చెయ్యి పట్టుకుంది. ఏడాది పైనుంచి ఆ నంబరు ఫోనులో కనపడినప్పుడల్లా ఇదే కబురని భయపడేదాన్ని. ఇక ఆ భయం అక్కర్లేదన్న సంగతే ముందు తోచింది. ఏడుపు బస్సెక్కాక వచ్చింది. నేనెక్కింది మా బడి బస్సు కాదు, సూర్యాపేట బస్సు.

ఆమె మీకెవరికీ తెలియదు. రేడియోలో పాడలేదు, స్టేజీల మీద కచేరీలు చేయలేదు. మిర్యాలగూడలో నేను చదివిన ఆడపిల్లల బడిలో ఆమె కుట్టు టీచర్. కాజాలు కుట్టడం, జాకెట్టు కత్తిరించడం నేర్పడానికి వచ్చి, పాట కూడా నేర్పారు. బడిలో పాటల టీచర్ పోస్టే లేదు. చిన్నప్పుడు ఒక సంగీతం పంతులు దగ్గర వర్ణాల దాకా నేర్చుకున్నారట. పెళ్ళితో అది ఆగిపోయిందట. అంతకుమించి తన గురించి చెప్పుకోగా నేను వినలేదు.

మాది వాడపల్లి దగ్గర పల్లె. మా నాయనకు గొర్రెలే బతుకు. ఎండాకాలం మందను తోలుకుని కృష్ణ ఒడ్డు పట్టుకుని పోతే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలిసేది కాదు. అందుకని నన్ను మిర్యాలగూడ హాస్టల్లో వేశారు. ఏడో తరగతిలో ఒకరోజు నీళ్ళ ట్యాంకు దగ్గర నుంచి, గ్రౌండుకు అవతల ఉన్న సునీతను కేకేశాను. సునీత నా జోడీ, హాస్టల్లో పక్క పక్కనే పడుకునేవాళ్ళం. కేక విని సునీత కంటే ముందు కుట్టు టీచర్ బయటికి వచ్చారు. చేతిలో కత్తెర ఉంది.

"ఏయ్ పిల్లా, ఇట్రా. ఎవలను పిలుస్తవే గట్ల?"

"ఊళ్ళె గొర్లను గట్ల పిలుస్తం టీచర్."

పిల్లలంతా పకపకా నవ్వారు. ఆమె నవ్వలేదు. "ఇంకోపారి పిలువు. నేనే గొర్రెననుకో" అన్నారు. నేను సిగ్గుపడుతూనే పిలిచాను. ఆమె కళ్ళు మూసుకుని విన్నారు. "రేపట్నుంచి ప్రార్థనల నువ్వు ముందు వరుసల నిలవడు" అని కత్తెర ఊపుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు. నేను పాట నేర్చుకోవడం అట్లా మొదలైంది.

ప్రార్థన బృందానికి చివరి పీరియడ్ తరవాత కుట్టు మిషన్ల గదిలో నేర్పేవారు. మిషన్లను గోడకు జరిపి, మమ్మల్ని వరుసగా నిలబెట్టి, శ్రుతి పెట్టె ఆన్ చేసేవారు. ముందు పాట ఉండదు. ముందు "సా". అందరం ఒక్కసారి ఊపిరి తీసుకుని "సా" పట్టాలి. ఊపిరి అయిపోయిన పిల్ల కూర్చోవాలి. ఒక్కొక్కరం కూర్చునేవాళ్ళం. ఆమె మాత్రం నిలబడే ఉండేవారు. ఆమె "సా" అలాగే ఉండేది. సన్నగా కాదు, వణుకుతూ కాదు, మొదలుపెట్టినప్పుడు ఎంత ఉందో అంతే.

"ఎట్ల పడ్తరు టీచర్ గంత సేపు?" అని సునీత అడిగేది.

"తొందరపడకుంట. ఊపిరి యాడికీ పోదే. మీరే దాన్ని తరుముతున్రు."

ఊపిరి ఎట్లా తీసుకోవాలో చెప్పడానికి ఆమె దగ్గర కుట్టు టేపు ఉండేది. మెడలో దండలాగా వేసుకుని తిరిగేవారు. దాన్ని మా పక్కటెముకల చుట్టూ వదులుగా చుట్టి, రెండు కొసలు తన వేళ్ళ మధ్య పట్టుకుని, "ఊపిరి తీసుకో" అనేవారు. టేపు బిగియాలి. భుజాలు లేస్తే మాత్రం వేలితో భుజం మీద ఒకటి తట్టేవారు. "భుజాలు కావు, టేపు కదలాలె." హాస్టల్లో పడుకున్నాక కూడా మేము ఒకరి పొట్ట మీద ఒకరం చేయి పెట్టి చూసుకునేవాళ్ళం. పాట అయిపోగానే మేం కదిలితే ఆమెకు కోపం. "పాట అయిపోయింది మనకు. గోడలకు ఇంకా కాలేదు. జర ఉండున్రి" అనేవారు. నిజంగానే, కదలకుండా ఉంటే, ఆ గదిలో ఇంకా ఏదో వినపడేది.

బాగుంది అన్న మాట ఆమె నోట రాదు. బాగుంటే "ఇంకోపారి" అంటారు. బాగాలేకపోతే మంచినీళ్ళు తాగి రమ్మంటారు.

కొన్నాళ్ళకు ఆదివారాలు ఇంటికి రమ్మన్నారు. "దూరం ఉన్నోళ్ళను పిలిచే గొంతు నీకున్నది. దగ్గరున్నోళ్ళకు పాడే గొంతు లేదు. అది నేర్చుకుందువు రా." హాస్టల్ వార్డెన్‌ను తనే అడిగి ఒప్పించారు. అట్లా ఆమె దగ్గర సరళీ స్వరాలు, జంట స్వరాలు, గీతాలు ఒక్కదాన్నే కూర్చుని నేర్చుకున్నాను. బడిలో మందిలో కలిసి పాడేటప్పుడు దాగిపోయే తప్పులన్నీ ఆ ఇంట్లో బయటపడేవి.

ఆ ఇల్లు బియ్యం మిల్లుల వెనక సందులో ఉండేది. మిర్యాలగూడలో ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. వడ్లు ఉడకబెట్టే బాయిలర్లలో ఊక కాలుస్తారు. ఆ ఊక బూడిద నల్లటి పొట్టులాగా గాలిలో తేలుకుంటూ వచ్చి వాలుతుంది. దండెం మీది బట్టల మీద, పెరుగు గిన్నె మీద, చంటిపిల్లల నుదుటి మీద. పాఠానికి ముందు టీచర్ కిటికీలు మూసి, తడిగుడ్డతో చాప తుడిచేవారు. పాఠం అయ్యేసరికి స్టీలు గ్లాసులోని నీళ్ళ మీద మళ్ళీ రెండు నల్లటి రవ్వలు తేలేవి. ఆమె వాటిని చూపుడు వేలితో తీసేసి, నీళ్ళు తాగేవారు. "ఈ సందుల తెల్లచీర కట్టాల్నంటే ధైర్యం గావాలె" అనేవారు. నవ్వుతూనే అనేవారు.

వాళ్ళాయనది ఒక మిల్లులో బాయిలర్ దగ్గర పని. మిల్లు చప్పుడులో ఉండీ ఉండీ చెవులు సరిగా వినపడవు. ఎదుటి మనిషి పెదవులు చూసి మాట పోల్చుకునేవాడు. పాఠం జరుగుతుంటే గుమ్మంలో కూర్చుని మమ్మల్నే చూసేవాడు. నేను ఆయనను పెద్దనాయన అనేదాన్ని. పిల్లలు లేని ఇల్లు అది.

ఒక ఆదివారం మా నాయన నన్ను చూడడానికి వచ్చాడు. హాస్టల్లో లేనని తెలిసి, వెతుక్కుంటూ టీచర్ ఇంటికొచ్చి, బయటే నిలబడ్డాడు. భుజం మీద గొంగడి, చేతిలో కర్ర.

"సదువుకొమ్మని తోలితిమి టీచరమ్మా. పాటల్ల పడి సదువు పోతదేమోనని పరేషానైతున్న" అన్నాడు.

టీచర్ ఆయనకు నీళ్ళిచ్చారు. "సదువు పోకుంట నేను జూస్త. గని, నువ్వు మందను ఎట్ల పిలుస్తవో ఒకపారి పిలువు" అన్నారు. మా నాయన బిత్తరపోయాడు. అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని, పిలిచాడు. సందులో తలుపులు తెరుచుకున్నాయి. పెద్దనాయనకు కూడా వినపడినట్టుంది, లేచి నిలబడ్డాడు.

"నీ బిడ్డకు గొంతూ నీదే, ఊపిరీ నీదే. నేను జర సర్దుతున్న, అంతే" అన్నారు టీచర్. మా నాయన మళ్ళీ ఎప్పుడూ నా పాటకు అడ్డం చెప్పలేదు.

నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు, జనవరి ఇరవయ్యారు కోసం బృందగానం నేర్చుకుంటున్న రోజుల్లో, ఒక సాయంత్రం అందరం "సా" పట్టాం. ఒక్కొక్కరం కూర్చున్నాం. సునీత ఇంకా నిలబడే ఉంది. టీచర్ "సా" ఆగింది. సునీతది ఆగలేదు.

మేం చప్పట్లు కొట్టాం. సునీతను ఎత్తుకుని తిప్పాం. "టీచర్ ఓడిపోయింది" అని అరిచాం. ఆమె కూడా నవ్వారు. నవ్వుతూ దగ్గారు. దగ్గు వెంటనే ఆగలేదు. ఆమె కుట్టు మిషన్ మీద చేయి ఆనించి, ఇంకో చేత్తో మమ్మల్ని పాడమని సైగ చేశారు. మేం పాడాం. నాకా రోజు సంతోషమే గుర్తుంది. అది సంతోషపడాల్సిన సంగతి కాదని మాకెవరికీ తెలియలేదు.

మరుసటి వారం నేను కూడా ఆమెను దాటాను. ఆ తరవాత లక్ష్మి అనే సన్నటి పిల్ల, ఎప్పుడూ ముందే కూర్చునే పిల్ల, దాటింది. ఈసారి ఎవరం చప్పట్లు కొట్టలేదు. లక్ష్మి తప్పుచేసిన దానిలాగా తల వంచుకుంది.

ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఎవరం అనుకుని చేసింది కాదు. టీచర్ గొంతు అంచుకు వస్తున్నదని తెలియగానే మేము మా ఊపిరి మింగేసి ముందే ఆపేసేవాళ్ళం. ఒకరినొకరం కళ్ళతో చూసుకుని, ఒకరి తరవాత ఒకరం కూర్చునేవాళ్ళం. చివరికి ఆమె ఒక్కరే నిలబడి ఉండాలి. ఆ ఒక్కటీ మాకు కావాలి. కానీ ఆమె "సా" నానాటికీ కురచవుతున్నది. మేము ఇంకా ముందే కూర్చోవలసి వచ్చేది. చివరికి, ఊపిరి తీసుకోగానే కూర్చున్నట్టు అయ్యేది. వరండాలో ముందు ఆమె చెప్పుల చప్పుడు వినపడేది ఒకప్పుడు. ఇప్పుడు ముందు దగ్గు వినపడేది.

ఒకరోజు ఆమె శ్రుతి పెట్టె ఆపేశారు.

"ఎందుకు కూసున్నరే?"

అందరం లక్ష్మి వైపు చూశాం.

"లక్ష్మీ, నిన్నే. నీకు ఊపిరి అయిపోయిందా?"

లక్ష్మి ఏడుపు మొదలుపెట్టింది. టీచర్ మా అందరినీ మళ్ళీ లేపారు. శ్రుతి పెట్టారు. "నేను పట్టను. మీరు పట్టున్రి. ఎవరన్న ముందే కూసున్నరో, రేపట్నుంచి ఈ గదిలకు రావొద్దు" అన్నారు. గోడకు ఆనుకుని నిలబడి, చేతులు కట్టుకున్నారు. మేం పట్టాం. మాకున్న ఊపిరంతా పట్టాం. ఆమె మధ్యలో మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు. మాది ఆగిన తరవాత కూడా ఇటు తిరగలేదు.

"నాకోసం ఎవ్వలూ ఊపిరి దాసిపెట్టొద్దు" అన్నారు, కిటికీ వైపే చూస్తూ.

ఆ వచ్చిన ఆదివారం నేను ఇంటికి కొంచెం ముందుగా వెళ్ళాను. తలుపు తీసే ఉంది. టీచర్ అద్దం ముందు నిలబడి ఉన్నారు. పక్కటెముకల చుట్టూ టేపు చుట్టుకుని, రెండు కొసలు వేళ్ళతో పట్టుకుని, ఊపిరి తీసుకుంటున్నారు. భుజాలు లేస్తున్నాయి. టేపు కదలడం లేదు. అద్దంలో నన్ను చూసి, గబగబా దాన్ని చుట్టేసి, చీర కుచ్చిళ్ళ దగ్గర దోపుకున్నారు. "రా, చాప పరువు" అన్నారు. ఆ రోజు పాఠం మామూలుగానే జరిగింది. నేను తప్పుగా పాడిన చోటల్లా పట్టుకున్నారు. నేనే ఏదీ సరిగా వినలేకపోయాను.

పదో తరగతిలో సూర్యాపేటలో బళ్ళ మధ్య బృందగానం పోటీ పెట్టారు. స్టేజీ తెర వెనక నిలబడి మాకు మొదటి స్వరం ఎప్పుడూ ఆమే ఇచ్చేవారు. ఆ రోజు బస్సు దిగగానే నన్ను పక్కకు పిలిచారు.

"ఇయ్యాల సా నువ్వు పట్టు."

"మీరు టీచర్?"

"నేను ముంగట కూసొని ఇంట. ఎన్నడన్న విన్ననా నేను మీ పాట, ముంగట కూసొని?"

నేను పట్టాను. పిల్లలు అందుకున్నారు. మాకు రెండో బహుమతి వచ్చింది. కుర్చీల వరసలో ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఏడుస్తున్నారనుకున్నాను. పాటకు దగ్గు అడ్డం రాకుండా పట్టి ఉంచుకున్నారట. పాట అయ్యాక, చప్పట్లు అయ్యాక, హాలు బయటికి వెళ్ళి దగ్గారు. ఆ దగ్గు మాకు లోపలికి వినపడింది. మేం బహుమతి కప్పు పట్టుకుని నిలబడిపోయాం.

నేను ఇంటర్‌లో చేరాక ఒకరోజు పెద్దనాయన హాస్టల్‌కు వచ్చాడు. "సూర్యాపేట డాక్టర్ దగ్గరికి పోతున్నం. ఆయన ఏం జెప్తడో నాకు ఇనపడది. మీ టీచర్‌ను అడిగితే ఏం లేదంటది. నువ్వొచ్చి ఇని నాకు జెప్పాలె బిడ్డా" అన్నాడు.

వెళ్ళాను. డాక్టరు పెద్దవాడు, మంచివాడు. మాస్క్ పెట్టుకుని మాట్లాడుతున్నాడు కాబట్టి పెద్దనాయనకు పెదవులు కనపడవు. ఎక్స్‌రేలు, స్కానింగులు చూసి మెల్లగా చెప్పాడు. ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయి. గట్టిపడిన భాగం మళ్ళీ మెత్తబడదు. మందులతో కొంచెం నెమ్మదిస్తుందేమో, ఆగదు. ఎందుకు వచ్చిందంటే ఇదీ కారణమని ఒక్కటి చూపించలేం. కానీ దుమ్ములో ఉండొద్దు.

టీచర్ ఒళ్ళో చేతులు పెట్టుకుని, బడిలో తనిఖీకి వచ్చిన అధికారి మాట విన్నట్టు విన్నారు.

బయటికి వచ్చాం. బల్లల మీద జనం కిక్కిరిసి ఉన్నారు. నేను తల ఎత్తలేదు. పెదవులు కనపడక పెద్దనాయన నా భుజం పట్టుకుని, తన కుడి చెవి నా దగ్గరికి వంచాడు. "ఏమన్నడు?" నేను మెల్లగా చెప్పాను. వినపడలేదు. "ఆఁ? గట్టిగ జెప్పు." కొంచెం గట్టిగా చెప్పాను. "ఇనపడ్తలేదు బిడ్డా." ఆ జనంలో, ఆ మాటను గొర్రెలను పిలిచే గొంతుతో అరిచి చెప్పాలి. నోరు తెరిచాను. టీచర్ నా నోటి మీద చేయి పెట్టారు.

ఆయన గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకున్నారు. చప్పుడు లేకుండా, పెదవులతో మాత్రమే, ఒక్కొక్క మాటా చెప్పారు. నాకు వినపడలేదు. ఆయనకు అర్థమైంది. ఆయన మొహం చూస్తే తెలిసింది. చెప్పడం అయ్యాక ఆమె, "ఇగ నడువున్రి, బస్సు పోతది" అన్నారు.

ఆ సందు వదిలిపెట్టడానికి ఆమె ఒక ఏడాది ఒప్పుకోలేదు. పాఠానికి వచ్చే పిల్లలున్నారని ఒక వంక, పెద్దనాయన పని ఉందని ఒక వంక. చివరికి ఇంట్లో నీళ్ళ బిందె ఎత్తలేని రోజు వచ్చాక, బడికి రాజీనామా ఇచ్చి, సూర్యాపేటలో చెల్లెలి ఇంటి పైభాగంలోకి మారారు. అక్కడ ఊక బూడిద లేదు. కానీ అప్పటికే చాలా లోపలికి పోయి ఉంది.

నేను సూర్యాపేటలో బి.ఎడ్. చదివేటప్పుడు సాయంత్రాలు అక్కడికే వెళ్ళేదాన్ని. ఆమె పాడడం పూర్తిగా ఆగిపోయింది. నేర్పడం ఆగలేదు. చేతితో నేర్పేవారు. స్వరం ఎక్కడ ఉండాలో అరచేయి ఎత్తి చూపేవారు. నేను కొంచెం తగ్గితే చేయి కొంచెం ఎత్తేవారు. కీర్తనలు అట్లాగే నేర్చుకున్నాను, ఆమె గొంతు వినకుండా. చెల్లెలి వీధిలోని ఆడపిల్లలు కొందరు కూడా వచ్చేవారు. వాళ్ళకు ఆమె గొంతు ఎట్లా ఉండేదో ఎన్నడూ తెలియదు. "మీ టీచర్ పాడ్తదా అక్కా?" అని ఒకమ్మాయి నన్ను మెట్ల దగ్గర అడిగింది. పాడేదని చెప్పాను. అంతకన్నా ఏం చెప్పాలో తోచలేదు.

మాటలు కూడా పొదుపు చేసుకునేవారు. ఒకరోజు కింది నుంచి పైకి ఎక్కుతూ నడి మెట్ల మీద ఆగిపోయారు. నేనేదో అడిగాను. పైకి వెళ్ళి కూర్చుని, ఊపిరి కుదురుకున్నాక అన్నారు. "మాట్లాడాల్నా, మెట్టు ఎక్కాల్నా. రెంట్ల ఒకటే అయితది నాకు. ఎక్కేటప్పుడు అడగకే."

ఉద్యోగం వచ్చి నేను కోదాడకు మారాక ఆమెకు ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టారు. ముక్కుకు పైపు. మంచం దగ్గర నుంచి బాత్రూం దాకా వచ్చేంత పొడుగు పైపు. అంతవరకే ఆమె లోకం. నేను సెలవు రోజుల్లో వెళ్ళేదాన్ని. వెళ్ళినప్పుడల్లా ఆమె మొహం కాదు, ఆ మిషన్ ఎంత గాలి ఇస్తున్నదో చూపే అంకె చూసేదాన్ని. ప్రతిసారీ అది కొంచెం పైన ఉండేది.

పోయిన ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం గాలి దుమారం లేచింది. చెల్లెలు పక్క వీధిలో శుభకార్యానికి వెళ్ళింది. పెద్దనాయన మందుల షాపుకు వెళ్ళాడు. ఇంట్లో టీచర్, నేను. ఆకాశం ఎర్రబడి, కిటికీ తలుపులు కొట్టుకుని, కరెంటు పోయింది. మిషన్ కీచుమని ఒక అరుపు అరిచి ఆగిపోయింది. ఇన్వర్టర్ ఆ మిషన్‌కు సరిపోదు. అందుకే మూలన సిలిండర్ పెట్టి ఉంచారు. దాన్ని తిప్పడానికి పానా కావాలి. దాని మెడకు కట్టి ఉండే పానా అక్కడ లేదు.

నేను అల్మరా మీద చూశాను, కిటికీ గూట్లో చూశాను, వంటింట్లోకి పరిగెత్తాను. తిరిగి వచ్చేసరికి టీచర్ పెదవులు నీలంగా మారుతున్నాయి. ఎవరినో కేకేయాలని కిటికీ దగ్గరికి పోబోతుంటే ఆమె నా చేయి పట్టుకున్నారు. ఇంకో చెయ్యి తన తొడ మీద ఉంది. వేళ్ళు మెల్లగా తాళం వేస్తున్నాయి, సరళీ స్వరాలు మొదటి కాలంలో పాడించేటప్పుడు వేసినంత మెల్లగా. ఆమె నన్నే చూస్తున్నారు. పెదవులు బిగించి, వేడి చాయ్ మీద ఊదినట్టు, కొంచెం కొంచెంగా ఊపిరి వదులుతున్నారు. నన్ను కూడా అట్లా చేయమంటున్నారు. చేశాను. తాళం రెండు చుట్లు తిరిగేసరికి నా కళ్ళకు గది కనపడింది. ఆమె కళ్ళు మంచం కిందికి చూపించాయి. పానా అక్కడ పడి ఉంది.

తిప్పాను. సుయ్యిమని గాలి వచ్చింది. పైపు మార్చి పెట్టాను. చాలాసేపటికి ఆమె పెదవులకు రంగు తిరిగి వచ్చింది. బయట వాన మొదలైంది. ఆమె నన్ను దగ్గరికి రమ్మని, రెండు మాటలు, మధ్యలో ఆగి ఆగి అన్నారు.

"భుజాలు... లేపినవ్."

నేను ఆమె ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను, నవ్వాను. ఆమె వేలితో నా భుజం మీద ఒకటి తట్టారు. ఆమె నాకు చెప్పిన చివరి పాఠం అదే. ఆ తరవాత కూడా వెళ్ళాను గానీ, మాటలు లేవు. ఊరికే కూర్చునేదాన్ని.

ఆ రోజు కోదాడ నుంచి నేను వెళ్ళేసరికి ఆమెను కింద వాకిట్లో పడుకోబెట్టి ఉంచారు. ముక్కుకు పైపు లేదు. పైపు తీగ పట్టి పట్టి చెంపల మీద పడిన గాడి మాత్రం ఇంకా ఉంది. మొహం తేటగా ఉంది, ఎక్కడికీ ఎక్కాల్సిన మెట్టు లేనట్టు. సునీత తిరుమలగిరి నుంచి భర్త బండి మీద వచ్చింది. లక్ష్మి చంటిపిల్లను ఎత్తుకుని వచ్చింది. మేము ముగ్గురం గోడవారగా నిలబడ్డాం. ఎవరో పెద్దావిడ "ఏదన్న పాట పాడున్రి బిడ్డా, మీకు నేర్పింది గదా" అంది. ఎవరం పాడలేదు.

అంతా అయ్యాక, సాయంత్రం, అందరూ స్నానాలు చేసి కింద కూర్చున్నారు. పైన ఏదో చప్పుడు అవుతున్నది. నేను చెల్లెలి వైపు చూశాను.

"మిషనే బిడ్డా. పొద్దటి సంది ఆపనిస్తలేడు బావ. నువ్వన్న జెప్పు."

పైకి వెళ్ళాను. గదిలో లైటు వేయలేదు. మంచం మీద దుప్పటి మడిచి పెట్టి ఉంది. పెద్దనాయన మంచం పక్కన కింద కూర్చుని ఉన్నాడు. తల ఇంకా తడిగా ఉంది. మిషన్ నడుస్తున్నది. ఆయన అరచెయ్యి దాని మీద పరిచి ఉంది. నేను ఎదురుగా కూర్చుని, ఆయనకు కనపడేట్టు, పెదవులు మెల్లగా కదిపి అడిగాను.

"ఆపుదామా పెద్దనాయన?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"రాత్రిళ్ళు ఆమె ఊపిరి నాకు ఇనపడకపోయేది బిడ్డా. ఉన్నదో లేదో తెల్వకపోయేది. వీపు మీద చెయ్యి పెట్టుకొని పండేటోన్ని. చెయ్యి కదిలితే ఉన్నట్టు. గట్లనే తెల్లారుతుండె." మిషన్ మీద అరచెయ్యి ఇంకొంచెం ఆనించాడు. "జరసేపు ఉండనియ్యి."

నేను ఉండనిచ్చాను. కిటికీలో వెలుతురు తగ్గుతున్నది. దిండు మీద పైపు అట్లాగే పడి ఉంది. దాని కొస నుంచి వచ్చే గాలికి దిండు గలీబు అంచు కొంచెం లేస్తున్నది, పడుతున్నది. మిషన్ అదురుకు దాని మీద ఆయన చెయ్యి సన్నగా కదులుతున్నది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు.